ఏ పనిమీదా కాదు

పొందూరు దాటేసరికి చైను ఊడింది.
తొందరేముంది, గట్టుమీద కూచుని
వేళ్ళకి గ్రీజు పూసుకుని
మళ్ళీ ఎక్కించాను.

బెల్లు పనిచెయ్యదు. బాగుచేయించలేదు.
ముప్పైరెండేళ్ళు రాజాం హైస్కూల్లో
గంట కొట్టినవాణ్ణి.
వేలాడే రైలుపట్టా ముక్కమీద ఇనపకడ్డీతో
ఎంతమంది పిల్లల్ని లేపానో, కూచోబెట్టానో,
ఇళ్ళకి తోలానో.
ఇప్పుడు దారికి అడ్డంగా ఆవు పడుకుంటే
అది లేచేదాకా ఆగుతాను.

గుంటల్లో గోగుకట్టలు నానుతున్నాయి.
ఆ వాసన ముందు ముక్కు మూసుకోమంటుంది,
అరమైలు పోయాక
మూసుకున్నందుకు సిగ్గుపడమంటుంది.
నడుంలోతు నీళ్ళలో నార తీస్తున్న ఆడవాళ్ళు
అంతా ఒక్కసారే అడిగారు:
"ఏ ఊరు బాబూ? ఏ పనిమీదెల్తన్నావు?"
పనేమీ లేదమ్మా,
కళింగపట్నం దాకా. ఏరు సముద్రంలో కలిసేకాడికి.
"అక్కడెవులున్నారు?"
ఎవరూ లేరు.
నార తీసే చేతులు ఆగిపోయాయి.
"పాపం" అంది ఒకామె
పక్కనామెతో, నాకు వినబడేలాగే.

మైలుకొక కారణం దొరికింది నాకు.
టీకొట్టు గవరయ్య లెక్కలో నాది మొక్కుబడి.
కల్లు దింపుతున్నవాడు చెట్టుమీంచే తేల్చేశాడు,
పిల్లకి సంబంధం చూడ్డానికని.
పంక్చరు వేసిన కుర్రాడు
సైకిల్ని చూసి, నన్ను చూసి,
"బస్సుకి డబ్బుల్లేవా తాతా" అని
రబ్బరు ముక్కకి పైసా పుచ్చుకోలేదు.
ఎంత చెప్పినా పుచ్చుకోలేదు.

"ఎలాగూ అటే ఎల్తన్నావు గదా"
అని మొదలుపెట్టింది దాలమ్మ.
ముందు గిన్నెడు చోడి అంబలి పోసింది,
నంజుకోడానికి ఉల్లిపాయ.
ఆ తరవాత గొడుగు తెచ్చింది.
పోయిన వానల్లో చెల్లెలు మర్చిపోయిందట,
శాలిహుండం కొండకింద ఇల్లట,
ఇచ్చెయ్యమంది.
ఇంకో ఊళ్ళో చింతపండు ఉండ.
ఇంకోచోట వొట్టి మాట:
"పట్నంలో ఎల్లాజీకి సెప్పు, మేక ఈనిందని.
రెండు పిల్లలు. ఒకటి నల్లది."
మాటకి బరువేముంటుంది అనుకున్నాను.
మర్చిపోకుండా మొయ్యడానికి
తొక్కు తొక్కుకీ అనుకోవలసి వచ్చింది,
రెండు పిల్లలు, ఒకటి నల్లది,
రెండు పిల్లలు, ఒకటి నల్లది.

నాగావళి వంతెనమీద దిగి నడిచాను.
ఇసక లారీలు నా పక్కనుంచి
నదిని కొంచెం కొంచెంగా మోసుకుపోతున్నాయి.
అవతల వరి పాలుపోసుకుంటోంది.
ఎదురుగాలికి నా వేగం ఎంతంటే
ఒక కొంగ మడి ఈ చివర్నుంచి ఆ చివరికి
నడుచుకుంటూ నన్ను దాటిపోయింది.

చింతపండు గార సెంటర్లో దిగిపోయింది.
కొండకింద చెల్లెలు గొడుగు తెరిచి చూసి
ఒక పుల్ల విరిగిందని
అక్కని నా ముందే తిట్టింది.
మళ్ళీ మూసి ఒళ్ళో పెట్టుకుంది.
చాలాసేపు అలాగే పెట్టుకుని కూచుంది.
లేచి వచ్చెయ్యడం నాకు చేతకాలేదు.
అక్కడే పొద్దుగూకింది.

సముద్రాన్ని చూద్దామని బయల్దేరినవాణ్ణి
చీకట్లో చేరాను.
వంశధార ఎక్కడ అయిపోయిందో
నీళ్ళు ఎక్కడ ఉప్పయ్యాయో
ఏమీ కనబడలేదు, చప్పుడు తప్ప.
లైట్‌హౌసు వెలుగు తిరిగొచ్చినప్పుడల్లా
ఒక పడవ ముక్కు, కుప్పబోసిన వల,
నా ముందు చక్రం.
మళ్ళీ ఏమీ లేదు.

"ఎవులది?" అంది వల పక్కనుంచి బీడీ నిప్పు.
"ఏ పనిమీదొచ్చావు?"
పొద్దుట్నుంచీ మొదటిసారి
తడుముకోకుండా చెప్పాను:
ఎల్లాజీకి మేక ఈనిందని చెప్పడానికి.
"ఏటకెల్నాడు. తెల్లారి వొస్తాడు. కూకో."
కూచున్నాను.
రెండు పిల్లలు, అన్నాను ఊరుకోలేక. ఒకటి నల్లది.
నిప్పు ఒకసారి ఎర్రబడింది.
"నల్లది పోతుపిల్లా, పెంటిపిల్లా?"

అది అడగలేదు నేను.
వెనక్కి వెళ్ళేటప్పుడు అడగాలి.